వృద్ధాశ్రమముల పరీక్ష

నగరముల పొలిమేరలయందును, రహదారుల ప్రక్కలను, నిన్నటివఱకు మామిడితోటలుగా నుండిన స్థలములలో నేడు వృద్ధాశ్రమములు లేచుచున్నవి. వాని ప్రకటనలు పత్రికలయందు దినదినము వెలువడుచున్నవి. విశాలమగు ఆవరణము, ఆలయము, గోశాల, శుచియగు భోజనము, ఇరువదినాలుగు గంటల వైద్యసహాయము అను మాటలు లేని ప్రకటన అరుదు. కుమారులు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావల డల్లాసులోనో యుండగా, ఊరియందలి మండువాయింటికి తాళమువైచి, పొలము కౌలుకిచ్చి, దంపతులిరువురో, వారిలో మిగిలిన యొక్కరో ఇట్టి గృహములను చేరుట యిపుడు వింతగాదు. ఉమ్మడికుటుంబము పోయెనని నిట్టూర్పులు విడుచుటకు మేమిది వ్రాయుటలేదు. అట్లు విలపించువారు చాలమంది కలరు. వారి విలాపమువలన మంచము పట్టిన వృద్ధురాలి దుప్పటి మాఱదు. చేర్పింపదలచిన గృహము క్షేమకరమైనదో కాదో తెలిసికొను మార్గమేది యనునదే మా ప్రశ్న.

నర్సింగుహోము అను మాట మనదేశమున ప్రసవములును, చిన్న శస్త్రచికిత్సలును జరుగు ప్రయివేటు ఆసుపత్రికి రూఢియైనది. అమెరికాలో దాని యర్థము వేఱు. తమంతట తాము లేవలేని, తినలేని, స్నానము చేయలేని వృద్ధులు నెలలకొలదిగ, సంవత్సరములకొలదిగ నివసించు గృహమునకు అచ్చటివారు ఆ పేరు పెట్టిరి. మన వృద్ధాశ్రమములు చాలవఱకు నడవగలవారి వసతిగృహములుగా పుట్టినవి. కాని నడచుచు చేరినవారే కొన్నియేండ్లకు మంచము పట్టుచున్నారు. కావున తలుపుమీది పేరేదైనను, ప్రతి వృద్ధాశ్రమమును నేడో రేపో అమెరికావారి యర్థమున నర్సింగుహోము కాకతప్పదు. ఆ దేశమున సుమారు 15 వేల గృహములలో 12 లక్షల మందికి తగ్గని జనము నివసించుచున్నారు. వానియందు జరిగిన యుపేక్షయు, మోసమును, వాని నరికట్టుటకు జరిగిన యత్నములును ప్రభుత్వ నివేదికలయందు విరివిగా నెక్కియున్నవి. పరుల తప్పుల నుండి నేర్చుకొనుటకు మనము సుంకము చెల్లింప నక్కఱలేదు గదా.

1935లో అమెరికాలో సాంఘికభద్రతా శాసనము వచ్చినపుడు, ప్రభుత్వ అనాథగృహములలో నున్నవారికి వృద్ధాప్య సహాయధనము చెల్లింపరాదని నియమించిరి. ఆ అనాథగృహములు అపకీర్తి పొందియుండెను గనుక ఉద్దేశము మంచిదే. ఫలితమేమనగా, ఆ ధనమును పుచ్చుకొని వృద్ధులనుంచుకొను ప్రయివేటు గృహములు పుట్టుకవచ్చెను. 1965లో మెడికేరు, మెడికెయిడు అను రెండు పథకముల మూలమున ఖజానా ద్రవ్యము ఈ గృహములకు ప్రవహింపజొచ్చెను. ద్రవ్యము ముందు వచ్చినది, గట్టి తనిఖీ చాల తరువాత వచ్చినది. నడుమనున్న కాలమున వృద్ధులను కుర్చీలకు కట్టివేయుటయు, మందులతో మత్తుగొల్పుటయు, పడకపుండ్లు ఎముకనంటువఱకు ఉపేక్షించుటయు పలుచోట్ల వాడుకయయ్యెను. 1986లో అచ్చటి వైద్యశాస్త్ర సంస్థవారు దీనిపై నొక నివేదిక సమర్పింపగా, 1987లో కాంగ్రెసు సంస్కరణ శాసనమును చేసెను.

ఆ శాసనము వలన నేర్పడిన నియమములు కొన్ని మన పాఠకులు గమనింపదగినవి. పరీక్షాధికారులు ముందు తెలియజేయకయే రావలయును; ఒక పరీక్షకును మఱియొక పరీక్షకును నడుమ పదునైదు మాసములకు మించి యెడముండరాదు. పరిచారకులు కనీసము 75 గంటల శిక్షణ పొందియుండవలయును. రేయింబవళ్లు లైసెన్సుగల నర్సు ఉండవలయును. వైద్యకారణము లేక, గృహమువారి సౌకర్యము కొఱకు ఎవ్వరినిగాని కట్టివేయరాదు. పరీక్షలో గనబడిన లోపముల నివేదికను వచ్చిపోవువా రందఱు చదువుకొనునట్లు గృహముననే యుంచవలయును. ఈ చివరి నియమము మాకు మిక్కిలి నచ్చినది. కట్టివేయకున్నచో వృద్ధులు పడి యెముకలు విరుగగొట్టుకొందురని యజమానులు మొఱపెట్టుకొనిరి. కట్టబడినవారును పడుచునే యుండిరనియు, కట్టువలన కండలు కరగి మఱింత దుర్బలులైరనియు, ఆ కట్లలోనే చిక్కి యూపిరాడక చనిపోయినవారును కలరనియు అనుభవము తెలిపెను. శాసనానంతరమున ఆ దురాచారము చాలవఱకు తొలగిపోయినది.

2008 డిసెంబరునుండి అమెరికా ప్రభుత్వమువారు, హోటళ్లకు నక్షత్రములిచ్చినట్లు, ఈ గృహములకును ఒకటి మొదలు అయిదువఱకు నక్షత్రము లిచ్చుచున్నారు. అవి మూడు ఆధారములపై నిలిచియున్నవి: పరీక్షాధికారుల నివేదికలు, పనివారి సంఖ్య, వృద్ధుల యారోగ్యమును దెలుపు లెక్కలు. ఇందు మొదటిది పరాయివారు చూచి వ్రాసినది. మూడవది చాలవఱకు గృహమువారు తమ్ముగూర్చి తాము వ్రాసికొన్నది. రెండవదియు తొలుత నట్టిదే. 2016 నుండియే జీతముల పట్టీలనుబట్టి పనివారిని లెక్కించు పద్ధతి నేర్పరచిరి. పరీక్ష వ్రాసినవాడే పత్రము దిద్దుకొన్నచో మార్కులకు కొదవయుండునా?

ఒక్క యుదాహరణము చాలును. మతిమఱపు వ్యాధిగల వృద్ధులను నిశ్శబ్దముగా నుంచుటకు ఉన్మాదరోగులకిచ్చు మందులు వాడుట ఆ గృహములలో పాత యలవాటు. ఇట్టి వృద్ధులలో ఆ మందులు మరణములను హెచ్చించుచున్నవని అమెరికా ఔషధశాఖవారు 2005లోనే కఠినమైన హెచ్చరిక ప్రకటించిరి. కావున వాని వాడుకయు నక్షత్రముల లెక్కలో చేరినది. కాని స్కిజోఫ్రీనియా యను నిజమైన మనోవ్యాధి గలవారిని ఆ లెక్కనుండి మినహాయించిరి. అంతట పలు గృహములలో ఆ వ్యాధి విపరీతముగా పెరిగెనని 2021లో న్యూయార్కు టైమ్సు పత్రిక వెల్లడించెను. డెబ్బదియేండ్లు లేని యున్మాదము గృహప్రవేశముతోడనే పుట్టుట వైద్యశాస్త్రమునకే వింత! 2023 జనవరిలో ప్రభుత్వమువారు ఈ రోగనిర్ణయములను తనిఖీ చేయింతుమని ప్రకటింపవలసివచ్చెను. నక్షత్రములు నిష్ప్రయోజనములని మా యభిప్రాయము గాదు. ఒక్క నక్షత్రము గల గృహమును విడిచిపెట్టుటకు అవి చాలును. అయిదు నక్షత్రముల గృహమును నమ్ముటకు మాత్రము చాలవు.

సిద్ధముగా నుండుట యనునది యే నక్షత్రమునను గనబడదు. 2017 సెప్టెంబరు 10న ఇర్మా తుపాను ఫ్లారిడా రాష్ట్రమును తాకెను. ఆ రాష్ట్రమున హాలీవుడ్డు అను పట్టణము కలదు; చలనచిత్రముల హాలీవుడ్డు అది గాదు. అందలి యొక వృద్ధగృహమున శీతలయంత్రమునకు విద్యుత్తునందించు పరికరము చెడిపోయెను. దీపములు వెలుగుచునే యుండెను. చల్లదనము మాత్రము పోయెను. మూడు దినములు వృద్ధులు ఆ యుక్కలో నుండిరి. 13వ తేదీ యుదయమున వారిని తరలించునప్పటికి కొందఱు గతించిరి, తరువాత మఱికొందఱు గతించిరి. అందు పండ్రెండుగురి మరణములను అధికారులు నరహత్యలుగా నిర్ణయించిరి. పాఠకులు గమనింపవలసిన దేమనగా, చల్లని గదులతోడి పెద్ద యాసుపత్రి ఆ గృహమునకు వీధి కావలనే యుండెను. వీధి దాటింపవలయునని నిర్ణయించు మనిషి లేకపోయెను. మఱుసటి సంవత్సరము ఫ్లారిడావారు ప్రతి వృద్ధగృహమునను చల్లదనము నిలుపగల జనరేటరు ఉండవలయునని శాసించిరి.

ఇది మనకు దూరపు కథ గాదు. 2015 మే మాసపు వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెంటను కలిసి రెండువేలకు పైబడిన జనము మరణించిరి. రెంటచింతల యెండయు, రామగుండము నెండయు ఎఱుగనివారు మన పాఠకులలో నుండరు. వృద్ధులకు దాహము సరిగా తెలియదు. చెమటయు తగినంత పట్టదు. రక్తపుపోటునకు వాడు మందులు కొన్ని శరీరమునుండి నీటిని లాగివేయును. అట్టివారిని పైయంతస్తున, కాలిన కప్పు క్రింద పరుండబెట్టి, పంకా ఆగినపుడు తలుపు దగ్గఱకు వైచి వెడలు గృహమునకు తోటలెన్ని యున్ననేమి? జనరేటరు కలదని చెప్పినచో, అది లిఫ్టునకును కార్యాలయమునకును మాత్రమేనా, గదులలోని పంకాలకును పనిచేయునా యని యడుగవలయును. డీసెలు ఎన్నిగంటలకు నిలువయున్నదని యడుగవలయును. మంచినీటి గ్లాసు మంచమునుండి చేయి చాపిన అందునంత దూరమున నున్నదా యని కంటితో చూడవలయును. ఈ గ్లాసును చూచుటకు నయాపైస వ్యయము లేదు, కాని చూచువారు అరుదు.

ఇక మనుష్యుల సంగతి. గృహక్షేమమును దెలుపు గుర్తులలో దీనిని మించినది లేదని మా నిశ్చితాభిప్రాయము. 2024 మే మాసమున అమెరికా ప్రభుత్వమువారు ఒక్కొక్క వృద్ధునకు దినమునకు 3.48 గంటల పరిచర్య అందునంతమంది పనివారుండవలయునని నియమము చేసిరి. అనగా నూరుగురు వృద్ధులున్నచోట దినమునకు 348 గంటలు. ఎనిమిదిగంటల కొక మనిషి చొప్పున నలువదిమువ్వురకు పైగా. యజమానుల సంఘములు మనుష్యులు దొరకరని, వ్యయము భరింపలేమని వ్యాజ్యము వేసినవి. 2025 ఏప్రిలులో టెక్సాసునందలి ఫెడరలు న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. మనుష్యులు దొరకరను మాట పూర్తిగా బొంకు గాదు. కాని చాలీచాలని జీతమిచ్చి, నడుమువిరుగ చాకిరి చేయించి, పిమ్మట దొరకరనుట న్యాయమగునా?

మన గృహములకు పెద్ద లెక్క యక్కఱలేదు, చిన్న లెక్క చేసి చూతము. నలువదిమంది వృద్ధులున్న గృహమున పదుగురు మంచము పట్టినవారని యనుకొందము. కదలలేనివారిని పడకపుండ్లు రాకుండ సామాన్యముగా రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలయునని నర్సులకు నేర్పుదురు. త్రిప్పుట, తడిసిన గుడ్డ మార్చుట, నీరు పట్టుట, ఇన్నింటికి ఇద్దఱు మనుష్యులకు పదినిమిషములు పట్టునందము. పదుగురకు నూరు నిమిషములు. రెండుగంటలలో మిగిలినది ఇరువది నిమిషములు. ఆ యిరువది నిమిషములలో తక్కిన ముప్పదిమంది గంట మ్రోగించిన పలుకవలయును, మూత్రమునకు లేచువారిని పట్టుకొనవలయును, ఆయాసపడువానిని గుర్తింపవలయును. ఇది యిద్దఱున్నప్పటి మాట. రాత్రి యొక్క ఆయాయు, గేటుకడ నొక్క కావలివాడును మాత్రమే యుండు గృహమున ఈ పనులు జరుగుచున్నవని యెవరైన చెప్పినచో, చెప్పువారు అబద్ధమైన నాడుచుండవలయును, లేదా లెక్క యెఱుగనివారైన గావలయును.

కావున మేనేజరును మొదట నడుగవలసిన ప్రశ్న నెలకెంత యని గాదు; నిన్నరాత్రి యెందఱు మెలకువగా నుండిరి యని. హాజరుపట్టీ చూపుమని యడుగుట యమర్యాద గాదు. వారిలో ఎందఱు ఏడాది దాటి పనిచేయుచున్నారో గూడ అడుగవలయును. నెలకొకరు మాఱు గృహమున ఏ వృద్ధునకు ఏ మందు పడదో, ఎవ్వరు మ్రింగుటకు కష్టపడుదురో యెఱిగిన మనిషి యుండదు. తెల్లచీర కట్టిన ప్రతి పిల్లను నర్సు అనుట మనలో ఆచారమైనది. ఆమెకు రాష్ట్ర నర్సింగు కౌన్సిలునందు నమోదు కలదా యని విచారింపవలయును. శిక్షణలేని యాయాలను మేము తక్కువచేయుటలేదు. ప్రేమతో చూచువారు వారిలో కోకొల్లలు. కాని ఇన్సులిను సూదియు, మూత్రపుగొట్టమును ప్రేమవలన తెలియవు.

పడకపుండును గూర్చి మఱికొంత చెప్పవలసియున్నది. గృహముయొక్క లోగుట్టును ఇంతగా బయటపెట్టునది వేఱొకటి లేదు. అది ఒక్కరాత్రిలో లోతుగాదు. పూటపూటయు ఉపేక్ష జరిగిననే లోతగును. నడుము దిగువ తోకయెముకకడను, తుంటికడను, మడమలకడను మొదట చర్మము కందును. వ్రేలితో నొక్కి తీసినను ఆ కందుదనము పోదు. పాశ్చాత్యగ్రంథములు ఎఱ్ఱనగునని చెప్పును గాని, చామనచాయ శరీరములందు ఎఱుపు కనబడదు. ఆ చోటు చుట్టుపక్కల చర్మముకంటె వెచ్చగానో, గట్టిగానో, నల్లబడియో యుండును. బంధువులు చూడవచ్చినపుడు ముఖము చూచి, పండ్లబుట్ట పెట్టి, ఫోటో తీసికొని వెడలుచున్నారు. సిగ్గుపడక, వారి యనుమతితో, నడుమును మడమలను చూడవలయును. నైటింగేలు దొరసాని 1859 నాటి తన గ్రంథమున పడకపుండునకు వ్యాధిని గాక పరిచర్యనే తప్పుపట్టెను. మరణకాలమున శరీరము పూర్తిగా శిథిలమైనపుడు ఎంత జాగ్రత్తపడినను కొన్ని పుండ్లు తప్పవని నేటి వైద్యులు చెప్పుదురు. ఆ మినహాయింపు యథార్థమే. దానిని ప్రతిపుండునకును సాకుగా చెప్పు యజమాని మాత్రము యథార్థుడు గాడు.

బరువును గూర్చియు నంతే. నెలకొకసారి తూచి వ్రాయు పుస్తకము కలదా? నెలలో నూటికి అయిదువంతులు, ఆరునెలలలో నూటికి పదివంతులు తగ్గుట యపాయసూచకమని అమెరికాలో లెక్క. అనగా 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గినచో డాక్టరు చూడవలయును. భోజనశాలలో పప్పు, కూర, పెరుగు వడ్డించుట చూచి మనము సంతోషింతుము. వడ్డించుట వేఱు, తినిపించుట వేఱు. చేయి వణకువాని యెదుట పెట్టిన పళ్లెము అట్లే తిరిగిపోయినచో ఆ పూట లెక్కలో భోజనమైనట్లే!

తలుపులను గూర్చి ఒక్కమాట. తమిళనాటి యేర్వాడియందు 2001 ఆగస్టు 6న ఒక మానసికరోగుల యాశ్రమమున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన 28 మంది రోగులు లేవలేక కాలిపోయిరి. మన గృహములలో గొలుసులు లేకపోవచ్చును. కాని కిటికీలకు ఇనుపకమ్ములు, రాత్రి వరండాకు తాళము, తాళపుచెవి కావలివాని జేబులో నుండుట సర్వసామాన్యము. మతిమఱపుగలవారు వెలుపలికి పోవుదురను భయము న్యాయమైనదే. ఆ తాళము తీయువాడు నిద్రించుచోటు ఎంతదూరమున నున్నదో చూచిననే ఆ న్యాయము పూర్తియగును.

ఈ పరీక్షయంతయు ఆదివారము పదునొకండు గంటలకు, ముందు ఫోను చేసిపోయి, మేనేజరు వెంట తిరిగినచో ఫలింపదు. ఒకసారి రాత్రి యెనిమిదిగంటల వేళను, ఒకసారి తెల్లవారుజామునను, చెప్పక పోవలయును. ఆ వేళల బంధువులకు ప్రవేశములేదను గృహమును గూర్చి వేఱుగ విచారింపనక్కఱలేదు. గుమ్మము దాటగానే మూత్రపువాసనయో, దానిని కప్పిపుచ్చు ఫినాయిలు ఘాటో మీకు స్వాగతము చెప్పునేమో చూడుడు. ఎవ్వరైన గంట మ్రోగించినచో గడియారము చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, అచ్చటి వృద్ధులతో మేనేజరు లేనపుడు మాటాడుడు. వారు గొంతు తగ్గించి, ఇటునటు చూచి మాటాడినచో తక్కిన ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకినట్లే.

ఇంతపని ఒక్కొక్క కుటుంబము తనంతట తాను చేసికొనవలసివచ్చుట దేశమునకు గౌరవమా? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము, జిల్లాకొకటి చొప్పున కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు గృహములను రాష్ట్రప్రభుత్వములు స్థాపింపవచ్చునని చెప్పినది. వచ్చునని చెప్పినదేకాని వలయునని చెప్పలేదు. చెప్పకవచ్చు పరీక్షనుగాని, నివేదికల ప్రకటననుగాని ఆ శాసనము విధింపలేదు. 2018 డిసెంబరులో సుప్రీముకోర్టువారు, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమములు కలవో రాష్ట్రములనుండి తెలిసికొమ్మని కేంద్రప్రభుత్వమును ఆజ్ఞాపింపవలసివచ్చెను. లెక్కయే లేనిచోట పరీక్ష యెక్కడిది? 2019 డిసెంబరులో లోక్‌సభయెదుట ఒక సవరణబిల్లు పెట్టిరి. వృద్ధగృహముల నమోదును, కనీస ప్రమాణములను అది యుద్దేశించినది. స్థాయీసంఘమునకు పోయినది, నివేదిక వచ్చినది, ఆమోదము మాత్రము రాలేదు. వృద్ధులకొఱకు పుట్టిన ఆ బిల్లు తానే వృద్ధాప్యముపొంది, 2024లో సభ రద్దగుటతో మురిగిపోయినది. ఇంగ్లండులో 2015 నుండి ప్రతి వృద్ధగృహమును తనకు పరీక్షాధికారులిచ్చిన తరగతిని గుమ్మముకడ ప్రదర్శింపవలయును. మన రాష్ట్రముల శాసనసభ్యులు కేంద్రమునకై ఎదురుచూడక ఆ యొక్క నియమమునైన చేయరాదా? చెప్పకవచ్చిన జిల్లాధికారి వ్రాసిన రెండుపుటల తెలుగు నివేదికను గుమ్మమునకు అంటించుటకు ఖజానాకు కాగు వ్యయము జిగురు మాత్రమే.

మా పాఠకులలో భూవసతి గలవారు కొందఱు, ఆజన్మాంతము చూచెదమను మాటమీద పొలమునో, ఇల్లునో, పెద్దమొత్తమునో గృహమువారికో, చూచెదమన్న బంధువునకో వ్రాసియిచ్చుచున్నారు. వారికొక హెచ్చరిక. పై 2007 శాసనపు 23వ విభాగము ప్రకారము, కనీసావసరములు చూడవలయునను షరతుతో ఆస్తినిచ్చినపిదప పుచ్చుకొన్నవారు చూడనిచో, ఆ పత్రమును ట్రిబ్యునలు రద్దుచేయవచ్చును. కాని షరతు ఉన్నదని రుజువు గావలయునని సుప్రీముకోర్టువారు 2022లో తీర్పు చెప్పిరి. 2025 జనవరిలో ఆ విభాగమును వృద్ధులకు అనుకూలముగా ఉదారముగా చదువవలయునని మఱియొక తీర్పు వచ్చెను. ఉదారత న్యాయస్థానముల యిచ్ఛ. షరతు మన చేతిలోనిది. రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవుటకు ముందే, పత్రమున ప్రేమాభిమానముల మాటలతోపాటు, మంచముపట్టిన పిదప ఎవరు చూతురో, రాత్రి యెందఱు మనుష్యులుందురో, డాక్టరు ఎన్నిదినముల కొకసారి వచ్చునో, ఆసుపత్రి వ్యయము ఎవరిదో స్పష్టముగా వ్రాయించుకొనవలయును. వ్రాయుటకు గృహమువారు సందేహించినచో స్టాంపుకాగితములు మడిచి యింటికి తెచ్చుకొనుట మేలు.